ఓబుళేశు చూపు నేర్చిన లారీ

ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు ఆగేచోట జీవమ్మ టీ అంగడి ఉంది. ఆ పొద్దు బెంచీ మీద లారీల యజమాని మహానంది కూర్చున్నాడు. ఆయన చొక్కా జేబులో కొత్త లారీ తాళం. అది డ్రైవరు ఓబుళేశుకిస్తాడో, పక్కన నోరు మెదపకుండా టీ తాగుతున్న ఇంకో డ్రైవరు సుంకప్పకిస్తాడో తేలాలి. అందుకే ఓబుళేశు గొంతు మామూలు కంటే పెద్దదైంది.

"దసరా ఎళ్లిన మర్నాడప్పా, కమలాపురం కాడ ఒక ఎనుము అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కి తప్పించినా. అదేం గొప్ప గాదులే."

గేదెను తప్పించడం గొప్ప కాదన్నాడంటే అసలు కథ ముందుందని అందరికీ తెలుసు.

"మన బండిలో కడప కాలేజీ పాప, ఆ నిస్సీ, కెమెరా బిగించింది గదా..."

ఆ కెమెరా సంగతి ఇది. మన కంటికి రోడ్డంతా కనబడుతుంది గానీ, మెదడు అన్నిటినీ పట్టించుకోదు. తరగతి నిండా పిల్లలున్నా టీచరు చూపు గుసగుసలాడేవాడి మీదికే పోతుంది చూడండి, అలాగ. ఆ ఎంపికను యంత్రానికీ నేర్పాలని రెండు కళ్ల కెమెరా పెట్టారు. ఒక కన్ను రోడ్డును చూస్తుంది, రెండోది డ్రైవరు చూపు ఎటు పోతుందో కనిపెడుతుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చూపు అది నేర్చేసుకునింది! ఇప్పుడు ఎనుము చెవి కదిపితే సాలు, యాటికి పోతాదో బండే చెప్తాండాది!"

"ఎనుముకే తెలీదు గదప్పా అది," అంది జీవమ్మ.

"దానికి తెలీకున్నా నా మెదడుకు తెలుసు జీవమ్మా! ఒంటిమిట్ట దారిలో ఆటోవాడు మలుపు తిప్పాలని మనసులో అనుకున్నాడో లేదో, మన లారీ పక్కకు జరిగింది. స్టీరింగు మీద నా చెయ్యే లేదు. నేను నిద్రపోతాండా!"

నిద్ర మాట వినగానే మహానంది జేబు మీద చెయ్యేసుకున్నాడు.

"ఒక కన్నే లేప్పా," అని ఓబుళేశు సర్దుకున్నాడు. "ఆడ్నించి బండి దానంతటదే ఈ అంగడి కాడికొచ్చి, టీ కోసరం హారన్ కొట్టింది!"

"చక్కెర తక్కువేయమనిందా?" అంది జీవమ్మ.

"నవ్వు, నవ్వు! పరాయి దేశంలో ఒక ఊళ్లో సిగ్నల్ దీపాలన్నీ పీకేసి, ఈ కెమెరా నేర్చిన నా చూపునే పెట్టుకున్నారంట. నేనీడ రెప్పేస్తే ఆడ బండ్లు ఆగుతాయి, తెరిస్తే పోతాయి. పాపం, ఆఫీసులకు పోయేవాళ్లు గదా, అందుకే శానా నిదానంగా రెప్పేస్తాండా!"

అంతలో లారీలోంచి కెమెరా విప్పుకొని నిస్సీ వచ్చింది. "ఓబుళేశన్నా, దసరా పూజనాడు దీనికి బొట్టు పెట్టింది ఎవరు?"

"నేనే పాపా! స్టీరింగుకు, చక్రాలకు, అద్దానికి పెట్టి దీన్నొక్కదాన్నే ఇడిస్తే ఎట్ల? కండ్లుండాయి గదా అని రెండు కండ్లకూ పెట్టినా. గంధం, కుంకుమ, నిండుగా!"

"ఆ పొద్దు నుంచి దీనికి ఎర్రగా తప్ప ఏం కనపడలేదన్నా. ఎనుము లేదు, ఆటో లేదు, నువ్వూ లేవు."

ఓబుళేశు గబగబా రెప్పలు కొట్టుకున్నాడు.

"నిదానమప్పా," అన్నాడు సుంకప్ప, అప్పటికి మొదటిసారి నోరు తెరిచి. "ఆడ బండ్లన్నీ గుద్దుకుంటాయి."

బెంచీ కదిలేలా నవ్వారు. మహానంది కళ్లు తుడుచుకుని, ఎదురుగా ఆగి ఉన్న ఓబుళేశు పాత లారీని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఎక్కడా చిన్న సొట్ట లేదు. జేబులోంచి తాళం తీశాడు.

"కెమెరాకు కనపడకపోయినా నాకు కనపడ్తాండాది. తీసుకో ఓబుళేశూ. కొత్త బండికి పూజ మాత్రం సుంకప్ప చేస్తాడు."