రెండు కూజలు, ఒక జాడీ

1961. బెల్లంపల్లి దగ్గర నీళ్ల ఠేకేదారు సేటు ఆఫీసు. కూలీల లైన్లకు నల్లా నీళ్లు వదిలేది ఇక్కడినుంచే. ఒకే గదిలో రెండు మేజాలు: పెద్ద గుమాస్తా కైలాసానిది ఒకటి, టైపిస్టు దెబోరాది ఒకటి.

"తీస్తవా, నన్ను తీయమంటవా?"

"ముట్టుకోకు కైలాసం సారూ. జాడీ నా మేజ మీదున్నది."

"మేజ నీదైతే గది నీదా? పదిగంటలకు ఆదిలాబాదు నుంచి హెల్తాఫీసరొస్తుండు. ఇది ఆఫీసా, చేపల బజారా?"

"అమ్ముతున్ననా ఏంది? రెండే రెండు పరకపిల్లలు. వాగు ఇసుక ఏడుసార్లు కడిగి పోసిన. నాచుపోచలు రాళ్లకు గట్టి నాటిన. ఎనిమిది రోజులల్ల వేర్లు వట్టినయి. సూడు, కొత్త ఆకు గూడ ఏసింది."

"ఎనిమిది రోజులసంది సూస్తనే ఉన్న. జాడీల ఆకు మొలిచింది, టైపు మిషను మీద దుమ్ము మొలిచింది. ఆఫీసరుకిచ్చే చిట్టి ఏది?"

"ఏ చిట్టి?"

"తెల్వనట్టు జేయకు! 'లైన్ల నల్లా నీళ్లు మంచిగున్నవి. మా ఆఫీసు సిబ్బంది కూడ అవే తాగుచున్నారు.' నేను రాసిచ్చినవి రెండు ముక్కలు. కొట్టనీకి ఎనిమిది రోజులా?"

"ఆ పొద్దే జెప్పిన, అబద్ధం కొట్టనని. పాతవడ్డ బొగ్గుబాయిల ఊరిన నీళ్లు తోడి, సక్కగ లైన్లకు ఇడుస్తుండు సేటు. ఇంటింటికి వాంతులు. మనకు నీళ్లు మోసే రామవ్వ మన్మరాలు మంచం దిగలే."

"కడుపునొప్పి ఎవలకు రాదు? వారం కింద హుజూరాబాద్ల పెండ్లిబువ్వ తిన్నకాడ్నుంచి నాకు గూడ ఒకటే తిప్పుడు. నేనేమన్న నల్లా నీళ్లు తాగుతున్ననా?"

"నువ్వెందుకు తాగుతవు? నీ కూజ వేరు, నా కూజ వేరు. నీదాంట్లకు సేటు బంగ్ల బాయి నీళ్లు. నాదాంట్లకు నల్లా నీళ్లు. పోయిన నెల నా కూజ జర నీ కూజకు తాకిందని నిండు కూజ పారవోయిస్తివి."

"అది ఆచారం. దాన్ని మధ్యల తేకు."

"తేను. నా కూజ బోర్లించి వారమాయె. మా చర్చి మిషను బాయి నీళ్లే తెచ్చుకుంటున్న."

"అయితె నీ మేజ కింద బిందె ఏంది?"

"పొద్దుగాల లైన్ల నల్లాకింద వట్టిన. ఆఫీసరు ముందట జాడీల వాగునీళ్లు వంచేసి, గివి పోస్త. మా ఇంట్ల ఒకపారి పోసి సూసిన. చాయ్ తాగేలోపట చేపలు ఎల్లెల్కల వడ్డయి."

"నౌకరి వోతది."

"పోనీ."

"మీ బాపు అహరోను గూడ సేటు పంపుకాన్నే పనిజేస్తుండు. యాదుంచుకో."

"గా పోనీ అన్న మాట బాపుదే."

"మొండిదానివి! సరే, ఒక పందెం. ఆఫీసరు వచ్చేదాక ఎందుకు? ఇప్పుడే నీళ్లు పొయ్యి. చేపలు బతికితె చిట్టి కొట్టి, కింద నీ సంతకం వెట్టాలె."

"చస్తే? 'ఇవి తాగే నీళ్లు గావు' అని ఆఫీసరుకు నీ నోటితోని జెప్తవా?"

"జెప్త."

"సేటు ముందట?"

"సేటు ముందట. పోస్తవా, భయమైతుందా?"

"నాకా భయం? ఇగో, వంచిన. ఇగో, పోసిన."

"అంతా పోసినవా?"

"అంతా. ఎందుకు నవ్వుతున్నవు?"

"నువ్వు చేపలకు ఎర్రలు తవ్వనీకి పోయినవు సూడు, గప్పుడే నీ ఉపాయం పసిగట్టి నీ బిందె మోరిల వంచిన. నా కూజ మొత్తం దాంట్ల పోసిన. సేటు బంగ్ల బాయి నీళ్లు! కొబ్బరినీళ్ల లెక్కుంటయి. ఇగ నీ చేపలకు నూరేండ్లు. కాయితం ఎక్కియ్యి."

"దొంగపని జేసినవు!"

"పందెం పందెమే. కొట్టు, కొట్టు. తొమ్మిదిన్నరాయె."

"సారూ..."

"మల్లేంది?"

"జాడీ దిక్కు సూడు."

"ఏమాయె? మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి. ఆకలేమొ."

"ఇప్పుడే ఎర్రలు మింగినయి. ఆకలి గాదు. ఒకటి పక్కకు వొరిగింది."

"లేస్తది."

"లేస్తలేదు."

"జాడీని జర కదిలియ్యి, లేస్తది!"

"ఎల్లెల్కల వడ్డది సారూ. రెండోది గూడ."

"ఇదెట్ల? ఇదెట్లయితది? నా కూజల నీళ్లు! పొద్దుగాల రెండు గ్లాసులు తాగిన! రోజు తాగుతున్న!"

"కడుపుల తిప్పుడు ఎన్నొద్దులసంది అన్నవు?"

"నువ్వు సప్పుడు జేయకు! రామవ్వా! ఓ రామవ్వా!"

"గీ దర్వాజకాన్నే ఉన్న సారూ. కూజ వట్టిగున్నది, నింపుకరావాల్నా?"

"ఆగు! దీంట్లకు నీళ్లు ఏడ్నుంచి తెస్తున్నవు? బంగ్ల బాయికాన్నుంచేనా?"

"అంతకుముందు ఆడ్నుంచే."

"అంతకుముందంటె?"

"వారం కింద నువ్వు రాసిన చిట్టి దెబోరమ్మ మా లైన్ల సదివి ఇనిపిచ్చింది. ఆఫీసోళ్లు గూడ గవే నీళ్లు తాగుతున్నరని రాసినవంట గద. పెద్దమనిషి రాసిన మాట అబద్ధం గావొద్దని, గా తెల్లారికెల్లి నీ కూజ గూడ మా నల్లాకిందనే నింపుతున్న సారూ."