మూడో పెట్టెలో పొగ

(సొరంగం రైళ్ళ డిపోలో డ్రైవర్ల గది. బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న కూతురు. చెప్పాపెట్టకుండా వచ్చిన తల్లి.)

"...అసలు గేటు దగ్గర నిన్నెవరు వదిలారమ్మా?"

"డ్రైవరమ్మ వాళ్ళ అమ్మనంటే వదిలారు. ముందు నువ్వు సరిగ్గా కూర్చో. అలా సగం లేచి ఉంటే నేను చెప్పలేను."

"టైం లేదమ్మా. మూడింటికి ఎంక్వైరీ. నన్నూ పిలిచారు."

"తెలుసు. అందుకే వచ్చా. ఆ ఫిట్టరుగారి మీదేగా?"

"బాబాయి మీదే. నీకెవరు చెప్పారు?"

"వాళ్ళావిడ కూరగాయల కొట్లో కనబడింది. తొమ్మిది రోజులైందట డ్యూటీలోంచి పక్కన పెట్టి. ముప్ఫై ఏళ్ళు ఆ బండ్ల కింద పడుకుని నట్లు బిగించిన మనిషి, ఇప్పుడు గడప దాటట్లేదట. ఎవరో ఉత్తరం రాశారట కదా, పాత బండిలో పొగ వచ్చిందని?"

"ఆఁ. ఎవరో ప్రయాణికుడు. పేరు లేదు, ఊరు లేదు."

"ప్రయాణికుడు కాదు."

"మరి?"

"మంచినీళ్ళున్నాయా?"

"అమ్మా!"

"ఇయ్యవే, నాలుక పిడచకట్టుకుపోతోంది."

"ఇదిగో. తాగి చెప్పు."

"ఆ ఉత్తరం... నేనే రాశా."

"ఏంటి?"

"నేనే. వంటింట్లో కూర్చుని. చేతిరాత గుర్తుపడతారేమోనని ఎడమచేత్తో రాశా."

"నువ్వు ఆ బండి ఎప్పుడెక్కావు?"

"ఎక్కలేదు. సొరంగమంటేనే నాకు గుండెదడ, తెలుసుగా."

"మరి పొగ?"

"పొగా లేదు, మంటా లేదు. ఊరికే రాశా. కొత్త బండ్లు ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయంటూ రెండేళ్ళు గడిపారు. నువ్వేమో రోజూ ఆ డొక్కుదాన్ని తీసుకుని భూమి కిందకి పోతావు. పది నిమిషాలు ఆలస్యమైతే నేను పదిసార్లు చచ్చి బతుకుతా. తలుపు సరిగ్గా పడట్లేదని రాస్తే ఎవరు పట్టించుకుంటారు? పొగంటే పరిగెత్తుకొస్తారు, దాన్ని మూల పడేస్తారు, పీడా పోతుంది అనుకున్నా. మనిషి మీదకి వస్తుందనుకోలేదే."

"బండికి శిక్ష వెయ్యలేరుగా. ఎవరో ఒక మనిషి కావాలి."

"ఆవిడ నాకు వంకాయలు ఏరిపెట్టింది తెలుసా? ఒక్కోటి తిప్పి చూసి, పుచ్చులేనివి. 'మీ అమ్మాయంటే ఈయనకి ప్రాణం, వదినగారూ' అంటూ. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది."

"భూమి కిందంటే భయమన్నావుగా."

"ఎగతాళి చెయ్యకే. నా ప్రాణం ఏమీ బాగాలేదు."

"నాన్నకి చెప్పావా?"

"ఆయనకి చెబితే పేపరుకి చెప్పినట్టే. నీకే చెబుతున్నా. పద, ఆ గది చూపించు. నేను అబద్ధం రాశాను, ఆయన తప్పేం లేదు అని చెప్పేస్తా. జైల్లో పెడతారా?"

"జైలేం లేదు గానీ, కూర్చో."

"కూర్చుంటే మళ్ళీ లేవలేను. ఉన్న ధైర్యం ఇంతే. నీకేమన్నా మాట వస్తుందా? కొత్త బండి నడిపేవాళ్ళ పేర్లు తీస్తే మొదటిది నీదే వచ్చిందన్నావు. అది పోతుందా?"

"పోదు. నువ్వేం చెప్పొద్దంతే."

"ఎందుకు చెప్పొద్దు? పరువు కోసమా? డ్రైవరమ్మ వాళ్ళమ్మకి మతి చలించిందని రెండు రోజులు నవ్వుకుంటారు. నవ్వనీ."

"అది కాదమ్మా."

"మరేంటి? బ్రేకు వాసన చూసి ఏది అరిగిందో చెప్పడం నీకు నేర్పింది ఆయన కాదూ? టోపీ పెట్టుకోవడం కూడా రాని రోజుల్లో నిన్ను వెంటేసుకు తిప్పింది ఆయన కాదూ?"

"ఆయనే."

"అలాంటి మనిషి తలొంచుకుని నిలబడితే చూస్తూ ఊరుకోమంటావా? ఇంత రాతిగుండె నీకెక్కణ్ణించి వచ్చిందే? నా కడుపున..."

"మూడో పెట్టె అని ఎందుకు రాశావు?"

"ఏదో ఒకటి రాయాలిగా."

"మూడో పెట్టె అడుగంతా విప్పారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి, ముందే బాగుచేసి దాచేశాడని బాబాయిని అంటున్నారు."

"అయ్యో! ఇంకా నన్ను కూర్చోమంటావేంటి? లే."

"నువ్వెళ్ళి అబద్ధమని చెబితే ఆపేసిన ఆ బండిని రేపు పొద్దున్నే మళ్ళీ పట్టాలెక్కిస్తారు. కొత్తవి రావడానికి ఇంకా ఆర్నెల్లు. బండ్లు చాలక, ఎప్పుడు వదులుదామా అని కాచుక్కూర్చున్నారు."

"ఎక్కించనీ. పొగే లేనప్పుడు భయమెందుకు?"

"ఉండు, ఈ తాడు ఊడింది."

"ఏంటే? ఆ తాడు ఎన్నిసార్లు ముడేస్తావు? ఇటు చూడు. నా మొహం చూసి మాట్లాడు."

"వచ్చిందమ్మా."

"ఏం వచ్చింది?"

"పొగ. నువ్వు ఉత్తరం రాయకముందే. ఐదో పెట్టెలో. చివరి స్టేషన్లో జనం దిగిపోయాక చూశా. దానంతటదే ఆగిపోయింది."

"ఎవరికి చెప్పావు?"

"కొత్త బండికి పేర్లు తీసే వారం అది. బండి పుస్తకంలో రాస్తే విచారణ. విచారణలో ఉన్నవాళ్ళ పేరు తీసుకోరు."

"ఏం రాశావే మరి? ...అడుగుతున్నా, ఏం రాశావు?"

"'అంతా బాగుంది' అని రాశా. 'నువ్వు రాస్తే నేను మళ్ళీ చూడక్కర్లేదమ్మాయ్' అని, బాబాయి దానికింద సంతకం పెట్టాడు."