తలుపు తీయడం ఆలస్యమైన సంగతి

స్టేషనుకు రాగానే ఇన్‌స్పెక్టరుగారి దగ్గు తగ్గిందా అని ముందు అడిగాను. తగ్గిందన్నారు. రాసుకుంటున్న రైటరుగారి మెడనొప్పి అడిగాను. నిన్న మా గడప తగిలిన కానిస్టేబులుగారి కాలు అడిగాను. వాచిందట, తడిగుడ్డ చుట్టమన్నాను. ఆ తరవాత లోపల గదిలో ఉంచిన మా తమ్ముడికి ఆయాసం ఎలా ఉందని అడిగాను. ముందు నీ సంగతి చెప్పమ్మా అన్నారు. చెబుతున్నాను.

నన్ను వీధిలో అందరూ మిషనక్క అంటారు. వయసు డెబ్బై ఒకటి. బట్టలు కుట్టేదాన్ని, సూదిలో దారం ఎక్కించలేక మానేశాను. తమ్ముడు లేతు పని చేసి రిటైరయ్యాడు. మేడ మీది రెండు గదుల్లో ఇద్దరమే ఉంటాం.

వాడు చేస్తున్నది బొమ్మ. యుద్ధ ట్యాంకు బొమ్మ. మంచంలో సగం ఉంటుంది. ఇనుప ముక్కలుగా పెట్టెలో వస్తే బిగించుకోవాలి. ఓడ బొమ్మ చేసుకోరాదురా, కిటికీలోంచి ఈ ఫిరంగి గొట్టం కనబడితే ఎవరేమనుకుంటారో అని నేను పోరుతూనే ఉన్నాను. "ఈ ఇంట్లో పేలేది నీ గుండె ఒక్కటేనే అక్కా" అనేవాడు.

బోల్టులు చూసేది నేనే. హుక్కులూ గుండీలూ ఏరిన చెయ్యి గదా. చక్రాలవి ఒక డబ్బా, గొలుసు పట్టీలవి ఒక డబ్బా, పైన తిరిగే టోపీవి ఒక డబ్బా. చూపుకు అన్నీ ఒకటే. ఒకటి గోరంత పొట్టి, ఒకటి గోరంత పొడుగు. పొట్టిదాని చోట పొడుగుది పడితే లోపల పట్టేస్తుంది. ఒకసారి తలుపు తీయగానే గాలికి పరదా ఎగిరి డబ్బాలన్నీ బోర్లాపడ్డాయి. అప్పటినుంచి ఎవరు తలుపు కొట్టినా ముందు మూతలు పెట్టడం, తరవాతే గడియ తీయడం.

నిన్న సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు కొట్టారు. పోలీసులమన్నారు. చేతులు అలవాటుగా మూతలు పెట్టాయి. ఆ కంగారుకు డబ్బాలు గలగలమన్నాయి. బయట మీరు విన్నది అదే. దాచడం కాదు. మూతలు పెట్టాను. మూతలే పెట్టాను.

గొట్టం చూసి ఆయుధాలని మీకు చెప్పింది కింది వాటా ఆయనట. ఆయన్ని ఏమీ అనను, నేనైనా భయపడేదాన్నే.

గురువారం మీ తమ్ముణ్ణి ఇంటికి తెస్తాం, బొమ్మయితే బిగించి చూపించమనండి, టోపీ తిరిగితే వదిలేస్తాం అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. నా భయం అక్కడే. డబ్బాలన్నీ ఒకే గోనెలో గుమ్మరించి తెచ్చారు. తమ్ముడు కంగారులో పొడుగు బోల్టు వేశాడా, టోపీ తిరగదు. తిరగకపోతే మీరు నమ్మరు. వాడు ఆయాసం మనిషి, ఆపైన ఇంకో నాలుగు రాత్రులు ఇక్కడ నేల మీద పడుకోలేడు.

"ఇక్కడే వరండాలో కూర్చుని ఏరతాను బాబూ, మీ మనిషిని ఎదురుగా పెట్టండి" అన్నాను.

"కళ్లు ఆనవన్నారుగా మామ్మగారూ" అన్నారు రైటరుగారు.

"గోటితో కొలుస్తాను నాయనా."

ఇన్‌స్పెక్టరుగారు చాప వేయమన్నారు. ఇది నాకు చదివి వినిపిస్తుండగానే గోనె తెచ్చి పెట్టారు. మొదటి పిడికిట్లోనే మూడు రకాలూ కలిసి వచ్చాయి. కంగారులో గోటికి ఏది ఏదో తెలియలేదు. ఒక్కొక్కటే చాప మీద పరిచి మళ్లీ మొదలుపెడతాను.

చదివింది విన్నాను. బెదురులో మాటలు వెనకాముందయ్యాయేమో గాని, లేనిది కల్పించలేదు. ఎడమ బొటనవేలి ముద్ర వేశాను. బొమ్మ బిగించి చూపించడానికి తమ్ముణ్ణి తీసుకొని మీరు మా ఇంటికి వచ్చేది గురువారం, పదకొండో తేదీ, ఉదయం.