జేబులో లేని ఫొటో

సభకు అధ్యక్షత వహిస్తున్న వైకుంఠరావు మాస్టారికి, ముందు వరసలో కూర్చున్న మందస పెద్దలకు, ఈ గ్రంథాలయానికి పేపరు కోసం వచ్చి ఫ్యాను కింద కునుకు తీసే నా తోటి ముసలివాళ్ళకు, అమ్మలకు, ఇవాళ ఉద్యోగం నుంచి విరమిస్తున్న మన జానకికి నీలకంఠం నమస్కారాలు. నాది కవిటి దగ్గర పల్లె. చదువు ఊరిబడితో సరి. మైకు ముందు నిలబడడం ఇదే మొదలు. మాస్టారు రెండు ముక్కలే చెప్పమన్నారు. నా దగ్గరున్నవీ అన్నే. (నవ్వులు)

పుస్తకం అట్ట ఊడితే మైదా ఉడికించి అతికేదనీ, వానకి కప్పు కారితే బీరువా మీద తన గొడుగు విప్పి తాను తడుస్తూ ఇంటికెళ్ళేదనీ ఆమె గురించి అందరూ చెప్పారు. నిజమే. నేను చెప్పాల్సింది వేరు. ఆమె భర్త పైడిరాజూ నేనూ ఒకే పటాలంలో పనిచేశాం. మన సైన్యం శ్రీలంక వెళ్ళినప్పుడు ఇద్దరం వెళ్ళాం. అతను తిరిగి రాలేదు. తరవాత జానకికి ఇక్కడ అటెండరు ఉద్యోగం ఇచ్చారు.

మొన్న ఈ సభకి పిలవడానికి జానకి మా ఇంటికి వచ్చింది. అప్పుడు టీవీలో యుద్ధం సినిమా వస్తోంది. గుండు తగిలిన సిపాయి జేబులోంచి భార్య ఫొటో తీసి, దాన్ని చూస్తూ చాలాసేపు మాట్లాడి, అప్పుడు పోయాడు. మా ఆవిడ కాంతమ్మ కళ్ళు తుడుచుకుంది. జానకి తుడుచుకోలేదు.

"నవలల్లోనూ ఇలాగే రాత్తారన్నియ్యా. ఏ సిపాయి జేబు సూసినా పెళ్ళాం ఫొటో ఉంటాది. మీ బావ జేబులో నాది నేదు. నువ్వు తెచ్చిన పెట్టి అడుగున దొరికింది. పెళ్ళయిన కొత్త గదా, నానేటి గుర్తుంటాను" అని నవ్వి, టీ గ్లాసు కిందపెట్టి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ ఆమె మనసులో ఆ మాట ఉందని నాకు ఆరోజే తెలిసింది. ఆమె గుమ్మం దాటగానే "సెప్పొచ్చు గదేటి, బెల్లంకొట్టిన రాయిలాగ కూకున్నావు" అని కాంతమ్మ తిట్టింది. అందుకే ఇవాళ మాట్లాడతానని మాస్టారికి నేనే కబురు పెట్టాను.

సినిమాల్లో యుద్ధం మంచుకొండల మీద జరుగుతుంది. మాకు కొబ్బరితోటల్లో జరిగింది. ఆ ఊళ్ళు అచ్చం మన ఉద్దానంలా ఉండేవి. అదే ఇసుక, అవే నూతులు, అదే సముద్రపు హోరు. ఇంటికి వచ్చేశాం అనిపించిన చోటే ఎవరో కాల్చేవారు. సినిమాలో ముందు సంగీతం మారి హెచ్చరిస్తుంది. మాకు కాకులు అరిచేవి, అంతే. ఒకసారి కాల్పుల్లో నా మెడ మీద చల్లగా ఏదో కారితే నా పని అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. పైన బొండానికి గుండు తగిలిందట. "తాగీ బావా, మన తోటలో బొండమే" అని పైడిరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. (నవ్వులు) నవలల్లో సిపాయి కాల్చేముందు పేజీలకు పేజీలు దేశం గురించి ఆలోచిస్తాడు. మేం బూటులో దూరిన ఇసుక గురించి, ఇంటి గురించి ఆలోచించాం.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి. ఓడ ఎక్కేముందు మద్రాసులో మా పెట్టెలు అప్పగించమన్నారు. పైడిరాజు ఫొటోని తువ్వాల్లో చుట్టి పెట్టె అడుగున దాస్తున్నాడు. సిగ్గరి, నాకూ చూపించలేదు.

"ఏటిరా, జేబులో ఎట్టుకోవేటి?" అన్నాను.

"వొద్దు బావా. పలాసలో ఎన్ని సినిమాలు సూసినాం! ఫొటో తీసి సూసినోడు తర్వాత రీల్లో పోతాడు. నాను ఇంటికెల్లాల. జానకి కాడికెల్లాల."

అది విని మనవైపు వాళ్ళందరం జేబులు ఖాళీ చేసుకున్నాం. నేనూ కాంతమ్మ ఫొటో తీసి పెట్టెలో పడేశాను. సినిమాని అంతగా నమ్మాం, జానకీ.

అతను పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. సినిమాలోలా మాట్లాడే వ్యవధి అతనికి దొరకలేదు. నీళ్ళసీసా మూత తిప్పుతుండగా గుండు తగిలింది. మూత చేతిలోనే ఉంది.



ఇప్పటికీ సాయంత్రం మా తోటలో కూర్చుంటే వెనకనుంచి "బావా" అంటాడేమో అనిపిస్తుంది.

జానకీ, వాడి పెట్టె పట్టుకుని మీ ఇంటికి వచ్చిన రోజు వాకిలి నిండా ఆడవాళ్ళున్నారు. మీ పెళ్ళికి నాకు సెలవు దొరకలేదు. అప్పటిదాకా నీ మొహం నేను చూడలేదు. ఒకమ్మాయి నాకు ఎడంచేత్తో నీళ్ళచెంబు అందించింది. "ఎడంసెయ్యేటే, వొచ్చినోరికి!" అని మీ అత్త బొడ్డమ్మ గసిరింది. నేను "జానకీ" అన్నాను. ఎలాగ పోల్చినావని నువ్వడిగితే చెంబు ఎత్తి నీళ్ళు తాగాను. ఎలాగంటే, ఆ తోటల్లో పొద్దు వాలిందంటే వాడు మొదలెట్టేవాడు. "ఈపాటికి జానకి ఎడంసేత్తో నీళ్ళు తోడతంటాది బావా, మాయమ్మ తిడతంటాది, ఇది ఇనిపించుకోదు." రోజూ అదే. మాకు విసుగొచ్చేది. వాడికి రాలేదు.

(సభలోంచి జానకి ఏదో అడిగారు)

ఏమ్మా? ఇంకా ఏం చెప్పేవాడని అడుగుతోంది. చాలా చెప్పేవాడు. మైకులో చెప్పేవి కావు. (నవ్వులు) రేపటినుంచి నీకు తీరికే కదా, ఇంటికి రా. కాంతమ్మ టీ పెడుతుంది. ఒక్కరోజులో అవ్వవు, రోజూ రావాలి.

ఈ నోట ఇన్ని మాటలు రానిచ్చిన మీ అందరికీ దండాలు. నాకిక సెలవు.