మంచుకొండకెళ్లిన గవరమ్మ

దాలినాయుడు లేడూ, పటాలంలో వంట సేసి పింఛను మీద వొచ్చీసినోడు, ఆడి పెళ్లాం గవరమ్మ. ఆడేమో, యుద్ధంలో మంచుకొండ మీంచి కాలికి తూటా తగిలిన సిపాయిని ఈపు మీదేసుకుని కిందకి దించీసేను అని ముప్పయ్యేళ్లుగా సెప్తన్నాడంట. ఈవిడ నమ్మితే గదా! "నీళ్ల బిందె ఎత్తితేనే నడుం పట్టీసిందంటావు, నువ్వు మనిషిని మోసేవా?" అనీదంట. ఊరోళ్ల ముందరే అనీది, అనుకో. ఆడు నవ్వీసి ఊరుకునీవోడు గాని లోపల ఎంత నొచ్చుకునీవోడో మరి.

ఏమైందంటే, ఆ కొండ మీద పోరాడినోళ్లందరూ ఒకసారి రండని పటాలం నించి కాయితం వొచ్చింది. కొండకి పేరేదో ఉందిలే, నాకు నోరు తిరగదు. నానూ వొస్తాను, నీ బండారం బయటెడతాను అని గవరమ్మ కూడా బయల్దేరిపోనాది. మూడ్రోజులు రైలు, ఆ తరవాత బస్సు, ఆ తరవాత నడక. నాలుగడుగులేస్తే ఊపిరందదంట అక్కడ. మంచు సూసి ఈవిడ ఏటి సేసిందనుకున్నారు? గుప్పెడు తీసి నోట్లో ఏసుకుంది. ఇంకో గుప్పెడు తీసి మొగుడి సొక్కా లోపలికి తోసీసింది! "ఓలమ్మో, సంపీసినావే!" అని ఆడు ఒకటే గెంతులంట.

పైన నల్లరాయి మీద పోయినోళ్ల పేర్లున్నాయంట. దాలినాయుడు ఒక్కో పేరూ యేలితో తడుముతా, "ఈడికి పాయసమంటే పేణం" అంటా, అక్కడే కూలబడిపోయేడు. గవరమ్మ పక్కనే కూకుని ఆడి ఈపు నిమిరింది. అంతలో తలపాగా సుట్టుకున్న సర్దారొకడు, కర్ర పట్టుకుని కుంటుకుంటా వొచ్చి, "నాయుడూ!" అని కౌగిలించీసుకున్నాడు. ఆయన కూతురేమో గవరమ్మ సేతులట్టుకుని హిందీలో ఏటేటో సెప్తంది, ఈవిడికి ముక్క తెలీదు. అప్పుడా పిల్ల తండ్రి కాలు సూపింది, దాలినాయుడి ఈపు సూపింది, తరవాత తన గుండె మీద సెయ్యేసుకుని, పక్కనున్న తన పిల్లలిద్దర్నీ ముందుకి తోసి దండం ఎట్టింది. అంటే, ఆ రోజు ఆ మోత లేకపోతే మేమెవ్వరం లేమని. గవరమ్మకి అర్థమైపోనాది. ఏడిసింది, నవ్వింది, ఆ పిల్లల్ని పట్టుకుని ముద్దులెట్టీసుకుంది.

దిగీటప్పుడు, "మోకాళ్లు లాగేస్తన్నాయి మావా, నన్నూ మొయ్యి" అందంట. పదడుగులు మోసేడు, దభీమని ఇద్దరూ పడ్డారు, మంచులో జారుకుంటా పోయేరు. సర్దారు కర్ర పారేసి మరీ నవ్వేడంట.

ఇప్పుడు ఊర్లో ఎవులడిగినా గవరమ్మే సెప్తంది. మొన్న నాకు సెప్పినప్పుడు "మా ఆయన దించింది ఒక్కడినే" అన్నాది. నిన్న బోరింగు కాడ ఇద్దరన్నాది. ముగ్గురయ్యీదాకా ఆగి మళ్లీ ఇనాల. నానెందుకు కాదంటాను? కథలు సెప్పుకు తిరిగీవోణ్ణి, నాకామాత్రం తెలీదా!