తప్పుగా నేర్పిన మాట

మిషనరీలను తయారుచేసే బడిలో కలిసి చదువుకున్న ఇద్దరూ ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, బ్రాగా పట్నంలో, ఆ బడి వంటింటి మెట్ల మీద కలుసుకున్నారు. ఎతెల్వీనా మొజాంబిక్ వెళ్లింది. వెనకాలే వెళ్లవలసిన దెవొలిందా ఇక్కడే ఆగిపోయి కుట్టుపని చేసుకుంది. దెవొలిందా అడగవలసిన క్షమాపణ ఒకటి మిగిలిపోయింది.

"పరీక్షకి ముందు నీచేత అక్కడి మాటలు వల్లెవేయించానే, గుర్తుందా? 'నీకు శాంతి' అనడానికి నేను నేర్పిన మాట తప్పే. నువ్వు వెళ్లాక పుస్తకంలో చూసుకున్నా."

"తెలుసులే. దానికి 'కూర్చో' అని అర్థం."

"అయ్యో! ఎవరితోనైనా అన్నావా?"

"బిడ్డ పోయిన తల్లితో అన్నా. ఆమె కూర్చుంది. తర్వాత ఏం చెప్పాలో తెలియక నేనూ పక్కన కూర్చున్నా. పొద్దుగూకేదాకా నా చెయ్యి వదల్లేదు."

"నన్ను తిట్టుకోలేదూ?"

"ఎందుకు తిట్టుకోలేదు? ఆ పరీక్షలో మొదటి మార్కు నీదేగా!"

దెవొలిందాకు నవ్వు రాలేదు.

"అందుకేనే నేను రాలేదు. ఒక్క మాట సరిగ్గా నేర్పలేనిదాన్ని, దేవుడి మాట ఏం చెబుతానని భయమేసింది. ఒంట్లో బాగాలేదని నీకు అబద్ధం రాశాను."

ఎతెల్వీనా ఆమె వైపు తిరిగింది.

"ఇందుకా, పిచ్చిదానా? నయమయ్యాక వస్తావని, నా గదిలో నీ మంచం ఐదేళ్లు ఎవరికీ ఇవ్వలేదే నేను."