వాజ్ ఎక్కడ పెట్టాలి

సోమవారం సాయంత్రం ఐదున్నరకు మదనపల్లెలోని ఒక స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో టీచరు ఇద్దరు స్నేహితురాళ్లను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది. పోయిన వారం మనసుకు ఎలా అనిపించిందో ఇంగ్లీషులో చెప్పుకోమంది. ఆ వారమే కుప్పంలో ఒకే ఉద్యోగానికి ఇద్దరూ ఇంటర్వ్యూకు వెళ్లారు. ఒకరికే వచ్చింది. నాలుగు రోజులుగా వాళ్ల మధ్య మాటల్లేవు. ఉద్యోగం వచ్చినామె మొదలుపెట్టింది.

“ఐ వాజ్ హ్యాపీ. ఇంగ నువ్వు చెప్పు.”

“ఐ శాడ్ వాజ్.”

“అది తెలుగు వరస మే. వాజ్‌ను కడాకు తోసేస్తివే. ఐ పక్కనే పెట్టల్ల.”

“ఉద్యోగమొచ్చినాక టీచరమ్మ కూడా అయిపోతివా?”

“తిట్టు. తిట్టినా మాట్లాడినట్టే గదా. ఇంగోటి చెప్పు.”

“ఐ జెలస్ వాజ్.”

“మళ్లీ కడాకే పెడితివి.”

“ఐ వాజ్ జెలస్. నిన్ను సూసి కుళ్లుకున్యాను. ఇప్పుడు సరిపాయనా?”

“వరస సరిగ్గానే ఉండాది. ఇప్పుడు గూడా కుళ్లేనా?”

“ఇప్పుడుంటే ఐ యామ్ అంటా గదా. వాజ్ అన్యాను.”

“అయితే నాదీ ఇంగోటి విను. ఐ వాజ్ లోన్లీ.”

“హ్యాపీ అంటివే?”

“అది టీచరు కోసరం. ఉద్యోగమొచ్చిందని మొదట నీకే ఫోన్ చేసినా. నువ్వు ఎత్తలా. రేపు చేరల్ల. ఆడ నాకు ఎవురూ తెలీదు.”

“ఎన్ని గంటలకు బస్సు?”

“ఆరున్నరకు.”

మంగళవారం ఉదయం పది నిమిషాలు ఆలస్యంగా, ఆరు గంటల నలభై నిమిషాలకు కుప్పం బస్సు మదనపల్లెలో బయలుదేరింది. ఇద్దరూ అందులో ఉన్నారు.